చివరి తొమ్మిది వారాలు

ఆ రచయిత సీరియల్ వస్తున్నన్నాళ్ళూ, ఆ వారపత్రిక వెలువడిన రోజు మధ్యాహ్నానికల్లా అమ్ముడైపోయేది. బస్సుల్లో, మంగలి షాపుల్లో, ఆఫీసు మెట్ల మీద జనం ఒకే కాపీని ముగ్గురు నలుగురు కలిసి చదువుకునేవారు.

ఆయన చెల్లెలు అదే పత్రికలో ప్రూఫులు దిద్దేది. ఇద్దరికీ పెళ్ళిళ్ళు కాలేదు. రెండు గదుల ఇంట్లో కలిసి ఉండేవారు. అన్న రాసిన ప్రతి కాగితమూ ముందు ఆమె కంటనే పడాలి. కొమ్ములూ దీర్ఘాలూ సరిచేసి, అక్కడక్కడా ఒక మాట అటూ ఇటూ జరిపి ఆమె కంపోజింగుకి పంపేది. ఆయన ఆమెను ముద్దుగా "అచ్చుతప్పూ" అని పిలిచేవాడు.

"అచ్చుతప్పూ, ఈ పేరా చదువు. ఏడుపొచ్చిందా?"

"ఏడుపు రాలేదు గానీ జలుబు చేసేలా ఉంది. ఒక్క పేరాలో కన్నీళ్ళు నాలుగుసార్లు కారాయి."

ఆయన పగలబడి నవ్వి, మూడుచోట్ల కొట్టేశాడు.

మూడో నవల నాటికి రాతబల్ల మీదికి గ్లాసు చేరింది. "కాస్త పడితే గానీ చెయ్యి కదలదే" అనేవాడు. ఐదో నవలకి పొద్దున్నే మొదలయ్యేది. సభల్లో మైకు ముందు తూలకుండా చెల్లెలి భుజం పట్టుకుని నిలబడేవాడు. చూసినవాళ్ళు అన్నాచెల్లెళ్ళ ఆపేక్షను మెచ్చుకునేవారు.

ఏడో నవల సగంలో ఉండగా ఒక పొద్దున ఆయన స్నానాలగదిలో రక్తం కక్కుకుని పడిపోయాడు. ఆస్పత్రి నుంచి తిన్నగా తాగుడు మాన్పించే కేంద్రంలో చేర్చారు. "మూడు నెలలు బయటికి పంపను. పెన్నూ కాగితం కూడా ఇవ్వను. ఈయనకి ఆ రెండూ గ్లాసునే గుర్తుచేస్తాయి" అన్నాడు డాక్టరు.

మర్నాడు సంపాదకుడు ఆమెను పిలిచాడు. "ఇంకా తొమ్మిది వారాల కథ ఉంది కదమ్మా. ఏం చేద్దాం?"

"మొత్తం రాసిపెట్టాడండీ" అంది. ఆ మాట నోట్లోంచి ఎలా ఊడిపడిందో ఆమెకే తెలియదు.

ఇంటికొచ్చి బల్ల సొరుగులన్నీ వెతికింది. కిందికి జారిపోయిన వంకర అక్షరాలతో రెండు సగం పేజీలు దొరికాయి, అంతే. రోజూ ఆఫీసుకి వెళ్ళేముందు వంటింట్లో కూర్చుని ఒక పొడుగు నోటుపుస్తకంలో ఆమే రాయడం మొదలుపెట్టింది. అన్న వాక్యం ఎక్కడ ఊపిరి తీసుకుంటుందో, ఎక్కడ మొండికేస్తుందో ఆయన కంటే ఆమెకే బాగా తెలుసు. తొమ్మిది వారాలూ గడిచాయి. పాఠకుల ఉత్తరాలు కట్టలు కట్టలుగా వచ్చిపడ్డాయి. ఇన్నేళ్ళలో ఆయన ఇంత గొప్పగా ఎప్పుడూ రాయలేదన్నారు.

అన్న ఇంటికొచ్చాడు. మనిషి సగమయ్యాడు గానీ చేతులు వణకడం లేదు. మూడో రోజు పాత సంచికలు ముందేసుకుని ఏకబిగిన చదివాడు. చెల్లెలు వంటింటి గుమ్మంలో గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయింది.

"ఇవి నేనెప్పుడు రాశానే?"

ఆయన మనసు నొచ్చుకునే మాటేదీ కొన్నాళ్ళు అనవద్దని డాక్టరు హెచ్చరించాడు. పైగా అన్న సొమ్మేదో దొంగిలించి దొరికిపోయినట్టు అనిపించింది ఆమెకి.

"పడిపోయే ముందే రాశావు. గుర్తులేదా?" అంది. వారం ఆగి చెబుదామనుకుంది.

"ఒళ్ళు తెలియకుండా రాశానన్నమాట" అన్నాడాయన మెల్లగా.

ఎనిమిది నెలలు చుక్క ముట్టలేదు. కూరగాయలు తెచ్చేవాడు, అన్నం మాడ్చి ఆమె చేత తిట్లు తినేవాడు. వాన పడితే గొడుగు పట్టుకుని ఆఫీసు దాకా ఎదురొచ్చేవాడు. చిన్నప్పటి అన్న తిరిగొచ్చాడని ఆమె మురిసిపోయింది. ఆ సంతోషం ఎక్కడ చెదిరిపోతుందోనని నిజం చెప్పడం వాయిదా వేస్తూ పోయింది. ఆయన మాత్రం రోజూ బల్ల ముందు కూర్చునేవాడు, రాసేవాడు, చింపేవాడు.

ఒక సాయంత్రం ఆమె వచ్చేసరికి బల్ల మీద గ్లాసు ఉంది.

"ఒక్క పుస్తకం రాయనీ. ఆ చివరి తొమ్మిది వారాల్లా ఉండేది ఒక్కటి రాసి మానేస్తాను. తాగినవాడు రాసింది ఈ తాగనివాడికి చేతకావట్లేదే" అన్నాడు.

ఆమె చేతిసంచీ అక్కడే జారవిడిచింది. "అవి నేను రాశానన్నయ్యా."

ఆయన నవ్వాడు. "నా చేత మాన్పించడానికి ఎంత కథ అల్లావే!"

ఆమె పెట్టె అడుగు నుంచి పొడుగు నోటుపుస్తకం తెచ్చి ముందు పెట్టింది. గుండ్రటి అక్షరాలు, కొట్టివేతలు, మూడుసార్లు మార్చిన చివరి పేజీ. ఆయన చివరిదాకా తిప్పి, కళ్ళద్దాలు తీసి పక్కన పెట్టాడు.

"ముందే చెప్పకూడదటే?"

గ్లాసు తీసుకెళ్ళి సింకులో వంపేశాడు. నాలుగు రోజులు ఓపిక పట్టాడు. ఐదో రోజు మళ్ళీ మొదలుపెట్టాడు. ఈసారి పక్కన కాగితాలు లేవు.

రెండు నెలలు తిరక్కుండానే ఆస్పత్రిలో పడ్డాడు. కళ్ళు పసుపుపచ్చగా మారాయి. ఒక మధ్యాహ్నం ఆమె బత్తాయి తొనలు ఒలుస్తుంటే అడిగాడు.

"నా లెక్క ప్రకారం ఆ కథలో ఇల్లు విడిచిపోయిన తండ్రి తిరిగి రాడు. నువ్వెందుకు రప్పించావు?"

"నువ్వప్పుడు ఆ కేంద్రంలో ఉన్నావు కదా. రాడని ఎలా రాయను?"

ఆయన మొహం గోడ వైపు తిప్పుకున్నాడు.

"నాకంటే బాగా రాశావు. నాకు బాధ లేదని అబద్ధం చెప్పనులే. బాధగానే ఉంది. అయినా బాగా రాశావు."

ఆమె ఆయన చెయ్యి పట్టుకుంది. ఎముకలు తప్ప ఏమీ లేవు. ఆరో రోజు అన్న పోయాడు.

నవల పుస్తకంగా వేస్తామన్నప్పుడు ఆమె ప్రచురణకర్తకి ఉన్నదున్నట్టు చెప్పేసింది. "ఇప్పుడెందుకమ్మా ఇవన్నీ? పోయినాయన పేరు అలా ఉండనీ" అన్నాడు. ఆమె సరేనని లేచి వచ్చేసింది.

పొడుగు నోటుపుస్తకం వెనక చాలా తెల్ల పేజీలు మిగిలిపోయాయి. ఆమె మళ్ళీ ఎప్పుడూ రాయలేదు. రాసింది చదివి చెప్పడానికి ఆ ఇంట్లో ఎవరూ లేరు.