యేసమ్మ చుట్టిన బీడీలు

బోధన్ పక్క పల్లెలో బాపురావు బీడీ కార్ఖానా అంటే ఒక రేకుల వసారా, దానికి మించి ఆయన నోరు. ఆడవాళ్లు ఇంట్లో చుట్టుకొచ్చిన బీడీలకు వంక పెట్టి "ఛాట్" అంటాడు. ఛాట్ అంటే పనికిరానిదని. దానికి కూలి లేదు, కానీ బీడీ మాత్రం ఆయన బుట్టలోకే పోతుంది. ఇదెక్కడి న్యాయమని అడిగినవాళ్లకు మర్నాడు చుట్టడానికి ఆకు దొరకదు.

ఆ సోమవారం యేసమ్మ వంతు వచ్చేసరికి వరుసలో గుసగుసలు ఆగిపోయాయి. చెరుకు లారీ నడిపిన మొగుడు ఏ రోగంతో పోయాడో, తనకూ అదేనని ఆసుపత్రిలో చెప్పారు. ఆ ముచ్చట ఆమెకన్నా ముందే ఊరు చేరింది. చర్చిలో కూడా పక్కవాళ్లు జరిగి కూర్చుంటున్నారు. ఇద్దరు ఆడపిల్లలకు ముద్ద పెట్టాలంటే ఇక మిగిలింది ఈ బీడీల పనొక్కటే.

బాపురావు ఆమె గంపను చేత్తో ముట్టలేదు.

"రేపటి సంది నీకు ఆకు లేదు యేసమ్మా. నోట్ల పెట్టుకునే సరుకాయె. నీ బీమారి మందికి అంటుతది."

"మరి ఇయ్యాల తెచ్చిన వెయ్యి బీడీలు, సేటూ?"

"అన్నీ ఛాట్!" అని గంపను కాలితో వంచి, బీడీలన్నీ బుట్టలో కలిపేశాడు.

యేసమ్మకు ఒళ్లు మండింది. ఇన్నాళ్లూ తల వంచుకుని తిరిగిన సిగ్గు ఎటు పోయిందో ఏమో!

"అవ్, నాకు ఎచ్చైవీ ఉన్నది! గది బీడీలతోని అంటుకోదని డాక్టరమ్మ నా చెయ్యి వట్టుకొని చెప్పింది. అంటుతదని నువ్వంటున్నవ్. మరి నీ బుట్టల ఎందుకు కలుపుకున్నవ్? ఇగ బుట్టంత పాడే గదా, కాలవెడదాం. అగ్గిపెట్టె ఇయ్యుండ్రి!"

వెనకున్న ముసలి గంగవ్వ నడుములోంచి అగ్గిపెట్టె తీసిచ్చింది. "కాలవెట్టు బిడ్డా. ఇరవై ఏండ్ల నా ఛాట్ గూడ గీ బుట్టలనే వోయింది."

యేసమ్మ పుల్ల గీసింది. బాపురావు బుట్టకు అడ్డం పడ్డాడు.

"ఆగు, నీ తల్లి! బీడీలకేం గాలే! మంచిగనే ఉన్నయ్!"

"ఇన్నరా అందరు? మంచిగనే ఉన్నయట!" యేసమ్మ వరుస వైపు తిరిగింది. "అయితే వెయ్యి రాసుకో సేటూ. రేపటి ఆకు కాంటా మీద జోకు."

బాపురావు గొణిగాడు కానీ ఆకు జోకలేదు. తర్వాతి వాళ్లను రమ్మన్నాడు. ఎవరూ రాలేదు.

"ముందు యేసమ్మకు జోకు," అంది గంగవ్వ. "గప్పటిదాంక మాకూ వద్దు నీ ఆకు."