ఉత్త కాడి

పెళ్లయి ఏడు వారాలు కూడా నిండలేదు గానీ, గోడౌన్ గోడకున్న తెల్లబోర్డు మీద చందనకి అప్పుడే కాపురమంత మమకారం ఏర్పడింది. నరసరావుపేట నుంచి రొంపిచెర్ల పోయే రోడ్డు పక్కన ఒకప్పుడు పత్తి బోరాలు పేర్చిన గోడౌన్ అది. మొగుడు గోపీచంద్ దాన్ని అద్దెకు తీసుకుని జిమ్ పెట్టాడు. అద్దాలు లేవు, ఏసీ లేదు. ఇసుక బస్తాలు, ఇనుప కడ్డీలు, తాళ్లు, పరిగెత్తడానికి బయట మట్టి ఆవరణ. పన్నెండు నిమిషాలు ఊపిరి సలపనివ్వకుండా చేయించి వదలడం అక్కడి పద్ధతి. తెల్లవారి అయిదున్నరకల్లా వచ్చి ఆ రోజు పని బోర్డు మీద రాయడం చందన వంతు. "నువ్వు రాస్తే బస్తా కూడా తేలిగ్గా కనపడుతుందే" అని గోపీచంద్ ఒకసారి వెనక నుంచి అన్నాడు. ఆ మాటకి ఆమె మధ్యాహ్నం దాకా తనలో తనే నవ్వుకుంది. చారులో ఉప్పు రెండుసార్లు పడింది.

ఆమె రాకముందు ఆ బోర్డు మీద ఒకటే వరస ఉండేది. కాలేజీ పిల్లాడికీ, ఎరువుల కొట్టు ఆసామికీ ఒకే బరువు, ఒకే పరుగు. చందన గుంటూరులో వ్యాయామ విద్య చదివింది. పని ఒకటే అయినా బరువు ఒకటే ఎట్లా అవుతుందని మొగుణ్ణి వారం రోజులు అడిగింది. చివరికి మూడు వరసలు రాయడానికి ఒప్పించింది. పై వరసలో నలభై కిలోల బస్తాని గుండెకి హత్తుకుని గొంతుక్కూర్చుని లేవాలి, నేల మీద పడి లేవాలి, ఆవరణ చుట్టూ పరిగెత్తాలి. నడిమి వరసలో బస్తా ఇరవై కిలోలు. కింది వరసలో బస్తా లేదు. ప్లాస్టిక్ స్టూలు మీద కూర్చుని లేవడం, నేలకి బదులు బల్ల మీద చేతులు ఆనించి వంగడం, పరుగుకి బదులు నడక. ఏ వరసలో ఉన్నవాడైనా పన్నెండో నిమిషానికి ఒకే తీరుగా అలిసిపోవాలి. లెక్కంతా అంతే.

ఆ లెక్క ఎవరికీ ఇబ్బంది కాలేదు, మామగారు హనుమంతరావు వచ్చేదాకా.

ఆయనకి నాలుగు నెలల కిందట గుండెపోటు వచ్చి స్టెంటు వేశారు. మెల్లగా మొదలుపెట్టి శరీరాన్ని కదిలిస్తేనే మంచిదని, బరువులు మాత్రం ఇప్పుడే ముట్టుకోవద్దని డాక్టరు చెప్పాడు. మొదటి సగమే ఆయన చెవికెక్కింది. రెండుసార్లు ఊరికి ప్రెసిడెంటుగా చేసిన మనిషి. జిమ్‌కి బయల్దేరే ముందు రోజు అత్తగారు కోటేశ్వరమ్మ చిక్కుడుకాయలు తుంచుతూ, తలెత్తకుండానే అంది.

"నేను చెబితే మీ మామయ్య వినడు. మీ ఆయన వాళ్ల నాన్న ముందర నోరెత్తడు. ఇహ నువ్వే చూసుకోవాలమ్మాయ్. ఆ రాత్రి ఆస్పత్రి వరండాలో కూర్చున్నా చూడు, మళ్లీ అట్టా కూర్చునే ఓపిక నాకు లేదు."

చందన సరేనంది. అన్నాక తనూ తుంచబోయింది గానీ చిక్కుడుకాయలు ఎంతకీ తెగలేదు.

మర్నాడు హనుమంతరావు కొత్త బూట్లు వేసుకుని వచ్చి బోర్డు ముందు నిలబడ్డాడు. అప్పటికే చెన్నకేశవులు చేతులు సాగదీస్తున్నాడు. ఆయనది అదే ఊరు, ఎదుటి పార్టీ, ఎరువుల కొట్టు. హనుమంతరావుకి వరసకి బావ. ముప్పయ్యేళ్లుగా ఇద్దరూ ఏ పంచాయితీలోనూ ఒక పక్కన కూర్చోలేదు.

"ఏంది బావా, స్టూలు తెప్పించమంటావా?" అన్నాడు చెన్నకేశవులు.

"నువ్వెంత ఎత్తుతున్నావు?"

"ఇరవై."

"అమ్మాయ్, నాకూ ఇరవై."

"మామయ్యా, మీకు కింది వరస..."

"చదవడం నాకూ వచ్చు." ఆయన బస్తా ఎత్తుకున్నాడు.

చందన గోపీచంద్ వంక చూసింది. అతను బూట్ల తాడు కట్టుకుంటున్నాడు. కట్టిన తాడే విప్పి మళ్లీ కట్టుకుంటున్నాడు. గోడ మీద పన్నెండు నిమిషాల గడియారం మొదలైంది. రెండో చుట్టుకి మామగారి పెదాల చుట్టూ రంగు మారింది. మూడో చుట్టులో బస్తా దించకుండా గోడ పట్టుకున్నాడు. చందన ఇంకేమీ ఆలోచించలేదు. వెళ్లి గడియారం తీగ లాగేసింది.

"గడియారం పాడైంది. ఇవాళ్టికి చాలు" అంది అందరితో. ఎవరూ అనుమానపడలేదు.

ఆ సాయంత్రం ఆమెకొక ఉపాయం తోచింది. మామగారికి లోకంలో అన్నిటికన్నా ఇష్టం ఎడ్ల బండ లాగుడు పోటీలు. ఒకప్పుడు ఆయనే గిత్తల్ని మేపి పోటీలకి తోలేవాడు. ఇప్పుడు చుట్టుపక్కల ఎక్కడ పోటీ జరిగినా ఎడ్ల నోరు తెరిచి పళ్లు చూసి, వయసు కట్టి, ఏ జత ఏ విభాగంలో దిగాలో తేల్చే పెద్దమనిషి ఆయనే. పాలపళ్ల గిత్తలకి ఒక బండ, నాలుగు పళ్ల వాటికి ఇంకో బండ, నోరు నిండిన ఎడ్లకి అన్నిటికన్నా పెద్ద బండ. పాలపళ్ల గిత్తని చూసి చేతకానిదని ఎవరూ నవ్వరు కదా. ఈ మాట చెబితే గోపీచంద్ ఆమె తలని రెండు చేతులతో పట్టుకుని నుదుటి మీద ముద్దు పెట్టాడు. పాలు పొంగిపోయినా ఇద్దరికీ పట్టలేదు.

మర్నాడు బోర్డు మీద కింది వరస పక్కన పాలపళ్లు అనీ, నడిమిదాని పక్కన నాలుగు పళ్లు అనీ, పైదాని పక్కన సీనియర్ అనీ రాసింది. వచ్చినవాళ్లంతా చదివి ముచ్చటపడ్డారు. చెన్నకేశవులు తన పళ్లు తనే వేలితో తడుముకుని నాలుగే ఉన్నాయన్నాడు. హనుమంతరావు ఒక్కడే నవ్వలేదు.

"నేను ఏ విభాగం అమ్మాయ్?"

"పాలపళ్లు మామయ్యా."

ఆయన బోర్డు వైపు వేలు చూపించాడు.

"నోరు నిండిన ఎద్దుని పాలపళ్లలో దింపితే ఏమంటారో తెలుసా? దొంగతనం అంటారు. శావల్యాపురంలో ఒకడు అట్టా తీసుకొస్తే జతతో సహా బయటికి పంపించా. కాళ్లు పట్టుకున్నా వినలా. ఇవాళ నన్ను అందులో నిలబెడతావా, ఈ చెన్నకేశవులు ముందర?"

చందన పల్నాటి కోడలై ఉండి, పళ్లు చూసే మనిషి దగ్గరికి పళ్ల లెక్క తీసుకొచ్చింది. సాయం అనుకున్నది అవమానమైపోయింది. హనుమంతరావు నేరుగా నలభై కిలోల బస్తా దగ్గరికి నడిచాడు.

"నాన్నా" అన్నాడు గోపీచంద్.

చందన ముందు వెళ్లి ఆ బస్తా మీద కూర్చుంది. మామగారి ఎదుట కోడలు కూర్చోవడమే ఆ ఇంట్లో లేదు. గోడౌన్లో పదిమందీ ఎక్కడివాళ్లక్కడ ఆగిపోయారు.

"లెగు."

"తప్పు నాదే మామయ్యా. అట్టా రాయకూడదు. కానీ నాకు తెలియక అడుగుతున్నా. జబ్బు చేసి లేచిన ఎద్దుని ఏ విభాగంలో దింపుతారు?"

"ఏ విభాగంలోనూ దింపరు. ఆ మాత్రం తెలియదా?"

"మీరు ఎప్పుడూ దింపలేదా?"

ఆమె ఊరికే అడిగింది. జవాబు కాదనే వస్తుందనుకుంది. హనుమంతరావు చెన్నకేశవుల వంక చూశాడు. చెన్నకేశవులు తల దించుకున్నాడు.

"దింపా" అన్నాడు హనుమంతరావు. "ఒక్కసారి. నా జతలో ఎలపటెద్దుకి జ్వరం తగ్గి వారమే అయింది. క్రోసూరు దగ్గర పోటీ. ఈయన జత కూడా అందులోనే ఉంది. ఎట్టా విరమించుకోను? ఈ కొస నించి ఆ కొసకి రెండు దాట్లు బానే లాగింది. మూడో దాటులో మోకాళ్ల మీద కూర్చుంది. నేను బలుపనుకుని కర్రెత్తా. పశువుల డాక్టరు వచ్చేసరికే పోయింది. కళ్లు మాత్రం నా వంకే ఉన్నయ్."

గోపీచంద్ ఈ సంగతి ఎన్నడూ విని ఉండలేదు. ఎద్దు పాము కరిచి పోయిందనే ఇంట్లో చెప్పుకునేవాళ్లు.

"దాని వగర్పు నాకు ముందే కనపడింది బావా" అన్నాడు చెన్నకేశవులు మెల్లగా. "ఆపమని అనొచ్చు. గెలుపు నాదవుతుందని ఊరుకున్నా."

హనుమంతరావు కోడలి వైపు తిరిగి మామూలు గొంతుతో మాట్లాడాడు, పక్క రైతుకి చెబుతున్నట్టు.

"జబ్బు లేచిన ఎద్దుకి ముందు పది రోజులు ఉత్త కాడి. మెడ మీద కాడి ఉంటది, వెనకాల ఏమీ ఉండదు. ఊరి మధ్యనించే నడిపించాలి. చూసేవాళ్లు చూస్తారు, ఏంది ఈ ఎద్దుకి బండ లేదని అంటారు. అననివ్వాలి. తర్వాత వెనకాల ఖాళీ దూలం కట్టాలి. ఆ తర్వాతే బండ మాట."

"ఆ పని నేను ఆ ఎద్దుకి చెయ్యలేదు" అని బస్తా దగ్గర్నించి వెనక్కి జరిగి, "లెగమ్మాయ్. నేను బస్తా ఎత్తన్లే" అన్నాడు.

చందన లేచింది. ఆయన బోర్డు దగ్గరికి వెళ్లి, పాలపళ్లు అన్న మాటని అరచేత్తో తుడిచాడు. మార్కర్ తీసుకుని ఆ చోట వంకర అక్షరాలతో ఉత్త కాడి అని రాశాడు. దాని కింద తన పేరు ఇంటిపేరుతో సహా రాసుకున్నాడు.

స్టూలు గోపీచంద్ తెచ్చివేశాడు. గోడకి ఆనించి, కదలకుండా రెండు చేతులతో పట్టుకుని నిలబడ్డాడు. హనుమంతరావు పదిసార్లు కూర్చుని లేచాడు. బల్ల మీద చేతులు పెట్టి వంగాడు. నడకకి చందన వెంట వెళ్లింది.

"నడిచినంతసేపూ నాతో మాట్లాడుతుండాలి మామయ్యా. మాట తెగిందంటే ఎక్కువైనట్టు, అప్పుడు ఆగాలి. గుండె పట్టేసినట్టున్నా ఆగాలి."

"ఏం మాట్లాడను?"

"ఆ ఎద్దు గురించి చెప్పండి."

ఆవరణలో అప్పుడే ఎండ పడుతోంది. ఆయన చెప్పసాగాడు. ఏ సంతలో కొన్నాడో, తవుడులో బెల్లం కలపకపోతే ఎట్లా మూతి తిప్పుకునేదో, కోటేశ్వరమ్మ గొంతు వింటే కట్టుకొయ్య దగ్గర ఎట్లా గిరగిరా తిరిగేదో. చందనకి ఆ ఎద్దు మీద ప్రేమ పుట్టుకొచ్చింది, అయినా ఆమె చెవి కథ మీద లేదు. మాటకీ మాటకీ మధ్య ఊపిరి ఎంత పొడుగుందో వింటోంది. గోడౌన్లో మిగతావాళ్ల బస్తాలు నేల మీద పడుతున్న చప్పుడు. పరుగు మీదున్న చెన్నకేశవులు వీళ్లని దాటిపోతూ ఒక్క మాటా అనలేదు.

మూడో చుట్టు సగంలో, "దాని కొమ్ములకి రంగు..." అని హనుమంతరావు ఊపిరి కోసం తడుముకున్నాడు.

చందన నోరు తెరిచేలోపే ఆయన ఆగిపోయాడు. నడుం మీద చేతులు పెట్టుకుని, అందరూ చూస్తుండగా, ఆవరణ మధ్యలో నిలబడ్డాడు. ఆమె కూడా పక్కనే నిలబడింది, ఆయన ఊపిరి మళ్లీ మాటంత పొడుగయ్యేదాకా.