బీరువాలో పెట్టిన కంప్యూటర్

శుక్రవారం పదకొండు గంటలకే కెజియాకు ఒళ్ళు మండిపోయింది. మండదా మరి? పుంగనూరులో చర్చి వెనకున్న ఆ చిన్న బడి ఆఫీసులో ఏడేళ్ళుగా పనిచేస్తోంది, ఎవరితోనూ ఒక మాట పడింది లేదు. అలాంటిది పోయిన ఆదివారం ఆరాధన అయ్యాక, అందరూ చెప్పులు తొడుక్కుంటున్న చోట, బడి పెత్తనం చూసే ప్రభుదాసు నలుగురూ వినేట్టు అనేశాడు.

“కంప్యూటర్ బాగానే ఉండాది. కూసున్న మనిషే నిదానం. శుక్రవారం సాయంత్రం ఐదు లోపల పదో తరగతి పిల్లోళ్ళ పేర్లు పరీక్షల సైటులో ఎక్కకపోతే, సోమవారం నుంచి మా అక్క కూతురు జెమీమా ఆ కుర్సీలో కూసుంటాది.”

యాభై ఎనిమిది మంది పిల్లలు. ఒక్కొక్కరికీ ఫోటో, సంతకం, పుట్టిన తేదీ. ఎక్కింది పద్నాలుగు మందివే. ఆ కంప్యూటర్ తొమ్మిదింటికి ఆన్ చేస్తే చక్కగా నడుస్తుంది. పదకొండు దాటిందా, ఇక తెర మీద గుండ్రం తిరుగుతూ కూర్చుంటుంది. పదేళ్ళ పాతదే, కాదనలేదు. పాతదైతే పొద్దున కూడా నిదానంగానే ఉండాలి కదా!

మదనపల్లెలో కంప్యూటర్లు బాగుచేసే రఫీక్ రెండుసార్లు వచ్చి చూశాడు. వచ్చిన రెండుసార్లూ తన అంగడి మూసేసి, బస్సెక్కి, బడి వదిలిన రెండు గంటలకు వచ్చాడు. అప్పుడు ఆన్ చేస్తే అది గుర్రంలా పరుగెత్తింది. ప్రభుదాసు ధైర్యమంతా అదే.

కెజియా ఫోను తీసి రఫీక్ మీద విరుచుకుపడింది. “బాగుండాదని రెండుతూర్లు చెప్పి పోతివే రఫీకన్నా! ఈడ నా ఉద్యోగం పోతాండాది.”

“కోప్పడొద్దు కెజియమ్మా. మద్దేనం అన్నానికి ఆపి, మళ్ళా ఆన్ చేస్తే ఎట్లుంటాది?”

కెజియా ఒక్క నిమిషం ఆలోచించింది. “పావుగంట బాగుంటాది. మళ్ళా అంతే.”

“అయితే వేడి! లోపల వేడెక్కితే కాలిపోకుండా అదే నిదానం చేసుకుంటాది. డబ్బా వెనక ఫ్యాను కాడ సెయ్యి పెట్టి సూడు.”

“సెయ్యి యాడ పెట్టేది? బీరువాకు తాళమేసి ఉండాదే!”

“నేను వచ్చినబుడు ప్రభుదాసు సార్ తలుపులు తెరిచి పెట్టినాడు కదమ్మా! దినామూ తాళమేస్తారని నాకెవురు సెప్పినారు?”

ఆ బీరువా సంగతి చెప్పాలి. చర్చిలో రొట్టె, ద్రాక్షరసం పంచే ప్రభు బల్ల గిన్నెలు పెట్టడానికి ప్రభుదాసు తాత సోమల ఊరి వడ్రంగి చేత చేయించిన టేకు బీరువా అది. చర్చికి ఇనుప బీరువా వచ్చాక ఇది బడికొచ్చింది. పోయిన ఏడాది ఎవరో మౌసు ఎత్తుకుపోతే, ప్రభుదాసు కంప్యూటర్ డబ్బాను ఇందులో పెట్టించాడు. వైర్లకు వెనక ఒక బొక్క, బటన్ నొక్కే వేలికి ముందర ఒక బొక్క పొడిపించి తాళం వేశాడు. గిన్నెలు నలభై ఏళ్ళు భద్రంగా ఉన్న చోట కంప్యూటర్‌కు ఏమవుతుందని ఆయన నమ్మకం.

కెజియా బీరువా తలుపు మీద చెయ్యి పెట్టి, చురుక్కుమనేసరికి తీసేసింది. వెంటనే ప్రభుదాసుకు ఫోను చేసి, వచ్చి తాళం తీయమంది.

“బి.కొత్తకోటలో టమాటా బేరంలో ఉండా. సాయంత్రం వస్తా. పని సేతకాక బీరువా మీద సెప్తాండావా? తాళం జోలికి పోవద్దు.” ఫోను పెట్టేశాడు.

కెజియా నేరుగా మధ్యాహ్న భోజనం వండే రామక్క దగ్గరికి వెళ్ళింది. “రామక్కా, రోకలి తీసుకోని రా.”

“ఏం దంచాల పాపా?”

“ప్రభుదాసు సార్ తాళం.”

రామక్క చేతులు కొంగుకు తుడుచుకుంది. “నువ్వు జరుగు. నీ సేతులు బటన్లు కొట్టేవి.”

మూడో దెబ్బకు తాళం అలాగే ఉండి, కొక్కెం ఊడొచ్చింది. తలుపులు తెరిస్తే రొట్టెల పొయ్యి తెరిచినట్టు వేడి ముఖానికి కొట్టింది. ఫ్యాను రెక్కలకు దూదిలా దుమ్ము. కంప్యూటర్ ఆపి దుమ్మంతా దులిపారు. రామక్క చేట తెచ్చి అరగంట విసిరింది. కెజియా ఊరుకోలేదు, మరలు విప్పి రెండు తలుపులూ ఊడబీకింది. మళ్ళీ ఆన్ చేసి కూర్చుంటే నాలుగూ ఇరవై దాకా ఆ యంత్రం ఒక్కసారి కూడా ఆగలేదు.

ఐదుకు ప్రభుదాసు వచ్చాడు. బీరువాను చూసి గట్టిగా అరిచాడు. “ఎవురు పగలగొట్టింది?”

“నేనే. రోకలి రామక్కది, కోపం నాది. తెర మీద సూడండి, యాభై ఎనిమిది.”

ఆయన కళ్ళద్దాలు పెట్టుకుని రెండుసార్లు చూశాడు. “అయినా నన్ను అడక్కుండా...”

“అడిగితిని. ఫోను పెట్టేస్తిరి. చెప్పులకాడ నలుగురి ముందర నన్ను నిదానమంటిరే, మళ్ళా ఆడనే, ఆ నలుగురి ముందరే సెప్పాల, తప్పు ఎవురిదో.”

ప్రభుదాసు దిక్కులు చూశాడు. “తలుపులు యాడ?”

“టమాటాలు కోస్తాండా సార్ వాటిమీద,” వంటింట్లోంచి రామక్క అరిచింది. “మంచి టేకు!”

ఆదివారం ఆరాధన కాగానే కెజియా అందరికంటే ముందు బయటికి వచ్చింది. ప్రభుదాసు చెప్పుల పక్కన చేతులు కట్టుకుని నిలబడింది. జనం వచ్చారు, ఆయనా వచ్చాడు. ఆమె పక్కకు జరగలేదు.

“తాళం నేనేసిందే,” అన్నాడు ప్రభుదాసు నేల చూస్తూ. “కెజియా నిదానం కాదు.”

“వెనకోళ్ళకు ఇనపడలా సార్,” అంది కెజియా.

ఆయన మళ్ళీ చెప్పాడు, ఈసారి గట్టిగా. అప్పుడు జరిగింది ఆమె.