డ్రైవరమ్మ పైపులో ఫిల్టరు

సాయంత్రం టీ తాగి, గ్లాసులు కడిగి బోర్లించాక డ్రైవరమ్మ కిటికీ పక్క కుర్చీలో కూర్చుని పైపు వెలిగిస్తుంది. సిటీ బస్సు నడిపి రిటైరైన మనిషి. ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ డిపో గోడ వెనక నిలబడి తాగేది, ఇప్పుడు ఇంట్లో దర్జాగా కూర్చుని తాగుతోంది, అంతే తేడా. ఆవిడ వదిలిన పొగ మాత్రం దర్జాగా కూర్చునే రకం కాదు. కిటికీలోంచి దిగి, నడుమెత్తున వీధి వెంట సాగి, తప్పిపోయినదేదో దాని దగ్గరికి వెళ్ళి ఆగుతుంది. పొగ ముందు, ఆవిడ వెనక. ఆ ఇంట్లో రోజూ తప్పిపోయేది ఒక్కరే, ఆవిడ భర్త.

ఆయన అదే బస్సులో కండక్టరు. రిటైరైన కొన్నాళ్ళకి మతిమరుపు పట్టుకుంది. మొదట కళ్ళజోడు ఎక్కడ పెట్టాడో మర్చిపోయాడు, తర్వాత వీధి పేరు, ఆ తర్వాత పెళ్ళాం మొహం. మధ్యాహ్నం భోంచేసి, చొక్కా గుండీలు మెడదాకా పెట్టుకుని, "కాస్త అలా వెళ్ళొస్తా" అంటూ బయల్దేరతాడు. తలుపు గడియ పెడితే చంటిపిల్లాడిలా ఏడుస్తాడు. అది ఆవిడ చూడలేక పోనిస్తుంది. సాయంత్రం పొగ వెళ్ళి ఆయన్ని ఏ బస్టాపులోనో పట్టుకుంటుంది. "రండి, ఇంటికి వెళ్దాం" అని ఈవిడ చెయ్యి పట్టుకుంటే, ఎవరో ఏమిటో తెలియకపోయినా మర్యాదస్తుడు కనక ఎదురు చెప్పకుండా వచ్చేస్తాడు.

వీధిలో వాళ్ళకి ఇదంతా మామూలే. పొగ వస్తుంటే సైకిళ్ళవాళ్ళు పక్కకి తప్పుకుంటారు. మూలమీద చెప్పులు కుట్టే ఆయన తన పీట కాస్త లోపలికి లాక్కుంటాడు, వెనకాల డ్రైవరమ్మ వస్తుందని.

అంతా సవ్యంగా నడుస్తుంటే దగ్గు వచ్చిపడింది. మామూలు దగ్గా అది! రెండు గుక్కలు పొగ పీలిస్తే చాలు, మనిషి వంగిపోయి, కళ్ళు తేలేసి, గోడ పట్టుకోవలసిందే. ఈలోగా పొగ తన దారిన తను వెళ్ళిపోయేది. డాక్టరు ఛాతీ మీద గొట్టం పెట్టి విన్నాడు.

"పైపు మానెయ్యండమ్మా."

"మానేస్తే మా ఆయన్ని ఎవరు వెతుకుతారు, మీరా?"

డాక్టరు కాసేపు ఆలోచించాడు. ఆయనకీ సాయంత్రాలు ఖాళీ ఉండదు. "పోనీ, ఫిల్టరైనా పెట్టుకోండి" అన్నాడు.

ఆవిడ పైపులో ఫిల్టరు పట్టే చోటు ఉంది. కొన్నప్పట్నించీ ఖాళీగానే ఉంది, ఆవిడే ఎన్నడూ పట్టించుకోలేదు. ఇప్పుడు పొగాకు కొట్టుకి వెళ్ళింది.

"ఏ సైజమ్మా?" అన్నాడు కొట్టువాడు.

"ఇదిగో, ఈ పైపు సైజు."

"పైపుది కాదు, లోపలి బెజ్జానిది. ఆరు మిల్లీమీటర్లా, తొమ్మిదా?" అంటూ తనే విప్పి చూసి, తొమ్మిదని తేల్చాడు. "ఏది కావాలి? కాగితమా, కర్రా, రాయా, బొగ్గా?"

"ఇల్లు కట్టుకోవడానికి రాలేదు బాబూ, పొగ తాగడానికి వచ్చాను."

కొట్టువాడు నవ్వలేదు. కాగితం తడిని పీలుస్తుందట. రాతి గుళికలది పొగని చల్లబరుస్తుందట. బొగ్గుది చేదుని పట్టేస్తుందట. కర్రదాని గురించి అతనికీ సరిగ్గా తెలియదు కానీ ఏదో ఒకటి చెప్పాడు. వింటున్న కొద్దీ ఆవిడ బుర్ర గిర్రున తిరిగింది. బస్సులో ఎన్ని మీటలున్నా ఏది దేనికో తెలిసేది, ఇదేం గోలరా దేవుడా అనుకుంది.

"తప్పిపోయిన మనిషిని వెతికే పొగకి ఏది పనికొస్తుందో అది చెప్పు."

కొట్టువాడు పెట్టెలన్నీ తిప్పి తిప్పి చూశాడు. "అది రాయలేదమ్మా" అన్నాడు, పాపం నొచ్చుకుంటూ. ఆవిడ రకానికొకటి కొనుక్కుని ఇంటికొచ్చింది.

కాగితంది పెట్టిన రోజు దగ్గు రాలేదు, నిజమే. పొగ మాత్రం గేటు దాటి ఎదురింట్లోకి దూరి, సోఫా కింద తాళంచెవి దగ్గర ఆగింది. ఎదురింటావిడ సంబరపడిపోయి, "పిన్నిగారూ, మా అబ్బాయి గొడుగు కూడా పోయిందండీ, ఇంకో గుక్క లాగరూ" అంది. ఆ రోజు కండక్టర్ని పోలీసు జీపులో తీసుకొచ్చి దించారు.

రాతి గుళికలది పెట్టిన రోజు పొగ చక్కగా పార్కుకి దారి తీసింది. ఆశగా వెంటపడి వెళ్తే అక్కడ ఖాళీ బెంచీ ఉంది. ఆయన కూర్చున్నది నిన్న. కర్రదైతే మరీ అన్యాయం, పొగని నాలుగు పాయలుగా చీల్చి నాలుగు దిక్కులకీ పంపింది. ఆవిడ ఏ పాయ వెంట వెళ్ళాలో తెలియక నడివీధిలో నిలబడిపోయింది. ఆయన్ని రాత్రి ఎవరో పుణ్యాత్ములు ఆటోలో తెచ్చి దించారు. మోకాలు చీరుకుపోయి ఉంది.

ఆ మోకాలికి కట్టు కట్టింది ఆయన చెల్లెలే. పై వాటాలో ఉంటుంది, ఆసుపత్రిలో నర్సు. నోరు పెద్దది, అన్నయ్యంటే ప్రాణం.

"వదినా, ఇంక నా వల్ల కాదు" అంది కట్టు ముడి వేస్తూ. "మతిమరుపు వాళ్ళని చూసుకునే హోమ్‌లో మంచం ఖాళీ అయింది. గేటుకి తాళం ఉంటుంది. రేపొక్క రోజు చూస్తాను. చీకటి పడేలోగా నీ పొగ అన్నయ్యని చూపిస్తే సరేసరి, లేదంటే ఎల్లుండి చేర్చేస్తాను."

"తాళం వేస్తే ఏడుస్తారే."

"లారీ కింద పడితే నేనేడుస్తాను. నీకు భయం వెయ్యట్లేదా?"

భయం వెయ్యకేం. ఆ మాట పైకి అనలేదు, పెద్దరికం అడ్డొచ్చింది.

మర్నాడు మధ్యాహ్నం కండక్టరు మామూలుగానే గుండీలు పెట్టుకుని వెళ్ళొస్తానన్నాడు. సాయంత్రం నర్సు అన్నయ్య బట్టలు సంచీలో సర్దుకుని వచ్చి తలుపు పక్కన కూర్చుంది. మిగిలింది బొగ్గు ఫిల్టరు ఒక్కటే. వేలి కణుపంత గొట్టం, ఒక కొస తెల్లగా పింగాణీ, రెండో కొస నల్లటి ప్లాస్టిక్.

"తెల్ల కొస ఎటు పెట్టాలే?"

"నాకేం తెలుసు? నేనేమైనా తాగుతానా?"

ఎవరైనా ఏం చేస్తారు? శుభ్రంగా కనబడే వైపు నోటి దగ్గర పెట్టుకుంటారు. ఆవిడా అదే చేసింది. పింగాణీ వేడికి ఓర్చుకుంటుంది కాబట్టి అది నిప్పు వైపు ఉండాలనీ, ప్లాస్టిక్ నోటి వైపు రావాలనీ పెట్టెమీద చీమ తలకాయంత అక్షరాలతో రాసే ఉంది. అది చదివేవాళ్ళెవరు? మొత్తానికి తిరగేసి పెట్టి వెలిగించింది.

పొగ కిటికీ దిగింది. గేటుదాకా వెళ్ళింది. అక్కడ నిలబడి, దారి మర్చిపోయినట్టు కాసేపు ఊగి, వెనక్కి తిరిగింది. వచ్చిన దారినే కిటికీ ఎక్కి లోపలికొచ్చి, డ్రైవరమ్మ కుర్చీ చుట్టూ చుట్టుకుని ఆగిపోయింది.

"పో! పోవే!" అని ఆవిడ చీర కొంగుతో విసిరింది. కదిలితే ఒట్టు. మళ్ళీ పీల్చింది, మళ్ళీ వదిలింది. ప్రతిసారీ అదే వరస, గేటుదాకా వెళ్ళడం, తిరిగొచ్చి ఈవిడ మెడ చుట్టూ చేరడం.

"వదినా, అది నిన్ను చూపిస్తోంది" అంది నర్సు.

"నన్నెందుకు చూపిస్తుందే? నేనిక్కడే ఉన్నానుగా. నేను తప్పిపోలేదుగా!"

ఏమీ పాలుపోలేదు. ఫిల్టరు తీసి పారేద్దామా అంటే దగ్గుతో గుమ్మం కూడా దాటలేదు. ఎదురుగా వీధి దీపాలు వెలిగాయి. ఆవిడకి ఏడుపొచ్చింది. ఆడపడుచు ముందు ఎన్నడూ ఏడవని మనిషి, సిగ్గు విడిచి వెక్కి వెక్కి ఏడ్చింది. నర్సు సంచీ ఒళ్ళోకి తీసుకుంది కానీ లేచి వెళ్ళలేకపోయింది. గదంతా ప్లాస్టిక్ మాడిన వాసన.

అప్పుడు గేటు చప్పుడైంది.

కండక్టరు ఒక్కడే వచ్చాడు. ఎవరూ చెయ్యి పట్టుకుని లేరు. చెమటలు కారుతున్నాయి, మోకాలి కట్టు జారిపోయింది. గుమ్మంలో నిలబడి, గేటు నించి కిటికీదాకా, కిటికీ నించి కుర్చీదాకా పొగని కళ్ళతో పట్టుకుంటూ వచ్చి, ఆవిడ మొహం దగ్గర ఆగాడు. ఆయన మొహం కోపంతో జేవురించింది.

"ఎక్కడికెళ్ళిపోయావే నువ్వు?" అన్నాడు. "బెల్లు కొట్టకుండానే బండి ఎలా తీశావు? నేను దిగి ఒక ముసలాయన్ని ఎక్కిస్తున్నాను, తిరిగి చూసేసరికి బస్సు లేదు. అప్పట్నించీ ప్రతి స్టాపులో నిలబడుతున్నాను. ఊరంతా వెతుకుతున్నాను. నువ్వు రావు! సాయంత్రమయ్యేసరికి ఎవరో పెద్దావిడ వచ్చి, ఇంటికి వెళ్దామని చెయ్యి పట్టుకుని లాక్కుపోతుంది. మంచిదే పాపం. కానీ నా బస్సు కోసం నేను ఉండద్దూ?"

డ్రైవరమ్మ పైపు పక్కన పెట్టింది. ఇన్నాళ్ళూ ఎవరు తప్పిపోయారని ఎవరు వెతికారో ఆవిడకి అప్పుడు తెలిసింది.

"తప్పైపోయిందండీ" అంది. "అద్దంలో చూసుకోలేదు."

"చూసుకోవాలి మరి."

"ఇంకెప్పుడూ మిమ్మల్ని వదిలి తియ్యను."

నర్సు బట్టల సంచీని కింద పెట్టి, కాలితో మంచం కిందకి నెట్టేసింది. మొహం గోడవైపు తిప్పుకుని ముక్కు చీదుకుంది.

కండక్టరు కోపం తగ్గకుండానే లోపలికొచ్చాడు. ఇంకో కుర్చీ లాక్కుని, ఆవిడ వెనకాల కాస్త ఎడంగా, తన చోటు అదే అన్నట్టు కూర్చున్నాడు. మెడ దగ్గర గుండీ విప్పుకుని ఊపిరి వదిలాడు. తర్వాత వేలి మెటికతో కిటికీ చెక్కమీద ఒక్కసారి కొట్టాడు. ఒక్క బెల్లంటే బండి ఆపమని.

ఆవిడ కుడికాలు దానంతటదే నేలని గట్టిగా నొక్కింది.