నొప్పికి వారసులు లేరు

కాలు బాగుపడిన మనిషి మొదట కంటికి కనపడకుండా దాచేది నన్నే. అటక మీదికో తలుపు వెనక్కో నెట్టేస్తారు. నిన్నటిదాకా ఒళ్ళంతా నామీద మోపి నడిచినవాళ్ళే, ఇంటికి చుట్టాలొస్తే నన్ను ఎరగనట్టు ఊరుకుంటారు. అందుకు నేనెవరినీ తప్పుపట్టను. నేను ఒక చంకకర్రను. నాతో పని తీరిపోవడమే నా యజమానికి పండుగ. ఆ పండుగ చూడకుండానే పోయినవాడు నాకు ఒక్కడే ఉన్నాడు. అతని పేరు జెకరయ్య.

గుంటూరులో ఆసుపత్రులున్న వీధి చివర ఒక వడ్రంగి నన్నూ నా జతకర్రనూ చేశాడు. మొదట మమ్మల్ని కొన్నది ఒక బట్టల కొట్టు ఆసామి. మోటారు సైకిలు మీంచి పడ్డ కొడుకు కోసం కొన్నాడు. కుర్రవాడు ఎండాకాలం దాటేసరికి లేచి తిరిగాడు. ఇలాంటివి ఇంట్లో ఉంటే అరిష్టమని వాళ్ళమ్మ మమ్మల్ని ఆసుపత్రి ఆయా చేతిలో పెట్టి పంపేసింది. ఆ అరిష్టాన్ని ఆయా దగ్గర బేరమాడి కొనుక్కున్నది సలోమి, జెకరయ్య భార్య. అది సెల్‌ఫోన్లు ఇంకా ఊళ్ళలోకి రాని కాలం.

జెకరయ్యది తెనాలి దగ్గర పల్లె. బ్యాండుమేళంలో క్లారినెట్టు వాయించేవాడు. ఎర్రకోటు తొడుక్కుని ఊరేగింపుకు ముందు అతనే నడిచేవాడట. అతను పాట అందుకుంటే పెళ్ళికొడుకు కారు దిగి వచ్చి వినేవాడని సలోమి చెప్పుకునేది. ఆ నడక నేను చూడలేదు. నేను వచ్చేసరికే అది అయిపోయింది.

ఒక పెళ్ళి ముగించుకుని మేళం వాళ్ళంతా రోడ్డు పక్కన టీ తాగుతుంటే, ఇటుకలతో నిండిన లారీ ఒకటి వెనక్కి చూసుకోకుండా వెనక్కి వచ్చింది. మిగతావాళ్ళు తప్పుకున్నారు. జెకరయ్య కుడికాలు చక్రానికీ టీకొట్టు అరుగుకీ మధ్య నలిగిపోయింది. ప్రైవేటు ఆసుపత్రిలో కాలు తీసేయకుండా నిలబెట్టారు గాని, లోపల ఇనుపకడ్డీ వేసి, చీము పట్టిందని మళ్ళీ కోసి, మళ్ళీ కుట్టేసరికి మోకాలు మడత పడకుండా బిగిసిపోయింది. ఆ ఖర్చుకు సలోమి అన్న ఏసోబు తన పాడిగేదెలన్నీ అమ్మేశాడు. పాలు పోసి బతికే ఇల్లు అది. గేదెలు పోయాక ఏసోబు ఇటుకబట్టీలో కూలికి కుదిరాడు. ఈ సంగతి ఎవరూ జెకరయ్య ముందు ఎత్తేవాళ్ళు కాదు. ఎత్తకపోవడం వల్లే అతనికి అది ఎప్పుడూ గుర్తుండేది.

ఆసుపత్రి ఖర్చుకూ, పోయిన పనికీ, పడ్డ బాధకూ కలిపి లారీ బీమా కంపెనీ మీద కేసు వేశారు. ప్లీడరు గోవర్ధనరావు గారు మంచివాడే. జెకరయ్య మెట్లెక్కలేడని తానే కిందికి దిగివచ్చి మాట్లాడేవాడు.

మొదట్లో జెకరయ్యకు నడక రాలేదు. కొత్తగా మా మీదికి వచ్చినవాళ్ళంతా చేసే పొరపాటే అతనూ చేశాడు. బరువు చేతులమీద వేయకుండా చంకల్లో వేసి, పుండ్లు పడి, పళ్ళు బిగించి ఏడ్చేవాడు. మెల్లగా కుదిరింది. వాకిలి దాటాడు, తర్వాత వీధి దాటాడు. కాని నడవడానికి రెండు చేతులూ మాకే ఇవ్వాలి. క్లారినెట్టుకూ రెండు చేతులూ కావాలి. నేను అతనికి అడుగు ఇచ్చి పాట పుచ్చుకున్నాను. నేను మోసిన మనుషుల్లో ఎవరి దగ్గరా అంత ఖరీదు తీసుకోలేదు.

ఒక సాయంత్రం బ్యాండు మేస్త్రి సుభానీ వచ్చాడు. చిన్నప్పటినుంచీ ఇద్దరూ ఒకే మేళంలో పెరిగారు.

"జెకరయ్యా, జనరేటరు బండి మీద కుర్చీ ఏపిస్తా. కూచుని వాయించు. నువ్వు లేక మేళం పీనుగ లేచినట్టుంటంది."

"కూచుంటే ఊపిరి చాలదేమో మేస్త్రీ."

"చాలినకాడికే వాయించు. మిగతాది డప్పులు కప్పేస్తయిలే."

జెకరయ్య నవ్వాడు. నేను ఆ ఇంటికి వచ్చాక అతను నవ్వగా వినడం అదే మొదలు. సలోమి చెక్కపెట్టె దించి, క్లారినెట్టు ముక్కలు తుడిచి బిగించింది. మంచం పట్టెమీద కూర్చుని అతను ఒక పాట సగందాకా వాయించాడు. వీధిలో ఆడవాళ్ళు బిందెలు దించి నిలబడ్డారు.

మర్నాడే ప్లీడరు గారి దగ్గరికి వెళ్ళి ఈ మాట చెప్పాడు. దాచే మనిషి కాదు. ఆయన కళ్ళద్దాలు తీసి బల్లమీద పెట్టాడు.

"చూడు జెకరయ్యా. వాయించే పని పోయిందని మనం కోర్టుకు చెప్పాం. రేపు నువ్వు బండి మీద కూర్చుని వాయిస్తుంటే బీమావాళ్ళు ఫొటో తీయించారనుకో, ఏమంటావు?"

"నడుస్తా వాయించలేనండి. కూచుని ఏదో కాస్త..."

"నాకు అర్థమవుతుంది. అవతలి ప్లీడరు అర్థం చేసుకోడు, అర్థం చేసుకోకపోవడమే ఆయన పని. ఆసుపత్రి ఖర్చు కూడా నమ్మకుండా చేస్తాడు. కేసు తేలేదాకా దాని జోలికి పోకు."

"ఇంట్లో కూడానాండి?"

ప్లీడరు గారు కళ్ళద్దాలు మళ్ళీ పెట్టుకున్నాడు. "ఇంట్లో వాయిస్తే వీధికి వినపడుతుంది కదయ్యా."

క్లారినెట్టు మళ్ళీ పెట్టెలోకి వెళ్ళింది. సుభానీకి కబురు పంపారు.

ఆ తర్వాత వాయిదాలు మొదలయ్యాయి. జడ్జి గారు సెలవనీ, డాక్టరు గారు రాలేదనీ, అవతలివాళ్ళు గడువు అడిగారనీ రోజులు పోయేవి. కోర్టు వరండాలో గోడకు ఆనించి నిలబెడితే నేను ఎందరి మాటలో విన్నాను. మనుషులు ఇంట్లో ఓపిక లేదంటారు గాని, కోర్టు వరండాలో వాళ్ళకున్నంత ఓపిక మా కర్రలకు కూడా లేదు. ఒకసారి బస్సు ఎక్కుతుంటే నా జతకర్ర మెట్ల సందులో ఇరుక్కుని విరిగిపోయింది. అప్పటినుంచి నేనొక్కదాన్నే. ఆ వైపు అతనికి సలోమి భుజం.

చివరికి ఒక రోజు జెకరయ్యను బోనెక్కించారు. బీమా కంపెనీ ప్లీడరు మర్యాదగానే మాట్లాడాడు.

"మేళం వాళ్ళంతా రోడ్డుకు అడ్డంగా నిలబడి వాయిస్తున్నారు, అందుకే లారీ తగిలింది. అవునా?"

"కాదండి. టీ తాగుతున్నామండి. రోడ్డు దిగి నిలబడ్డామండి."

"ఇప్పటికీ పెళ్ళిళ్ళకు వాయిస్తున్నావని నేనంటాను."

"లేదండి. దెబ్బ తగిలినకాడినుంచీ పెళ్ళిళ్ళకి వాయించలేదండి."

"ఆ కర్ర పక్కన పెట్టి ఒకసారి నిలబడు."

గుమాస్తా నన్ను తీసుకుని గోడకు చేర్చాడు. జెకరయ్య బోను కమ్మీ పట్టుకుని నిలబడ్డాడు. నిలబడలేనని రుజువు చేయడానికి మనిషిని నిలబడమంటారని నాకు ఆరోజే తెలిసింది. బరువంతా పడ్డ అతని ఎడమకాలు వణకడం నాకు గోడ దగ్గరినుంచి కనపడుతూనే ఉంది. జడ్జి గారు ఏదో రాసుకుని, కర్ర ఇచ్చేయమన్నారు.

ఆ ఏడు క్రిస్మసుకు గుడిలో వాయించమని పాస్టరు గారు అడిగించారు. అన్నం దగ్గర జెకరయ్య మెల్లగా అన్నాడు.

"ఒక్క పాట సలోమీ. గుళ్ళోకి బీమావాళ్ళు ఎందుకొస్తారు?"

సలోమి గరిటె కింద పెట్టింది. తర్వాత అంది, "అన్నయ్య చేతులు చూశావా మొన్న? ఇటుకలు మోసి మోసి తోలు ఊడిపోయింది. ఇన్నాళ్ళు ఓర్చుకున్నావు. తీర్పు రానీయ్. అప్పుడు నిన్నెవరు ఆపుతారు? నేనే పెట్టె దించుతా."

"సరేలే" అన్నాడు.

ఆ రాత్రి భోజనం ముగించి గడపమీద కూర్చున్నాడు. నన్ను ఒళ్ళో అడ్డంగా పెట్టుకుని, నా నిలువు కర్రమీద వేళ్ళు ఆడించడం మొదలుపెట్టాడు. కళ్ళు మూసుకుని, పెదవులు బిగించి, ఒక పాట మొదలునుంచి చివరిదాకా. చప్పుడేమీ లేదు. నేను చెక్కను, నాకు పాటలు తెలియవు. అయినా ఏ వేలు ఎక్కడ ఆగిందో, ఎక్కడ పరుగెత్తిందో నాకు తెలిసింది. సలోమి లోపలినుంచి చూసి, పిలవకుండా వెనక్కి వెళ్ళిపోయింది.

వాదనలు ముగిశాయి, ఇక తీర్పేనన్న కబురు వచ్చిన వానాకాలంలోనే జెకరయ్యకు కామెర్లు వచ్చాయి. కాలికీ దానికీ ఏ సంబంధమూ లేదు. ఆకుమందు తిన్నాడు, తర్వాత ఆసుపత్రికి వెళ్ళాడు, అప్పటికే ఆలస్యమైంది. సమాధి దగ్గరికి సుభానీ మేళం మొత్తాన్ని తీసుకొచ్చాడు. క్లారినెట్టు స్థానంలో ఎవరినీ నిలబెట్టలేదు. డప్పులు మాత్రం మోగాయి, మధ్యలో పాట ఉండాల్సినచోట ఖాళీ ఉంచారు.

నెల తిరిగాక సలోమి ప్లీడరు గారి దగ్గరికి వెళ్ళింది. ఎందుకో నన్నూ పట్టుకెళ్ళింది. భర్త లేకుండా ఆ గది గడప తొక్కడం ఆమెకు కొత్త, చేతిలో ఏదో ఒకటి ఉండాలనిపించిందేమో.

"అమ్మా, చెప్పక తప్పదు" అన్నాడు గోవర్ధనరావు గారు. "దెబ్బ వల్లే చనిపోయి ఉంటే వేరు. ఇది జబ్బు చావు. అలాంటప్పుడు ఆయన బాధకూ, పని పోయినందుకూ, కాలు పాడైనందుకూ అడిగిన పరిహారం ఇప్పటి చట్టం ప్రకారం ఆయనతోనే పోతుంది. ఆసుపత్రికి పెట్టిన ఖర్చు మాత్రం ఆయన ఆస్తికి జరిగిన నష్టం కింద వస్తుంది. అది నీకు ఇప్పిస్తాను."

సలోమి మెల్లగా అడిగింది.

"ఖర్చుకు వారసులుంటారు, నొప్పికి ఉండరాండి?"

"చట్టం అలా ఉందమ్మా."

"మరి మీరు వద్దన్నారని, నేను వద్దన్నానని, ఆయన వాయించకుండా ఊరుకున్నాడు గదండి ఇన్నేళ్ళు. అదే లెక్కలోకి వత్తదండి?"

ప్లీడరు గారు కాగితాలు సర్దాడు. సర్దినవే మళ్ళీ సర్దాడు. బయటికి వస్తుంటే ఆయన లేచి గుమ్మందాకా వచ్చాడు.

ఆసుపత్రి డబ్బులు వచ్చాయి. సలోమి వాటిని విప్పకుండా కొంగున కట్టుకుని అన్న ఇంటికి వెళ్ళింది. ఏసోబు చేయి చాచలేదు, వద్దని కూడా అనలేదు.

"వద్దనాలనే ఉంది అమ్మాయ్" అన్నాడు చివరికి. "కానీ నేనింక బట్టీ పని చెయ్యలేను. నడుం పోయింది."

"ఈ డబ్బులు నీవే అన్నయ్యా. బావ నీ గేదెల్ని నీకు తోలకుండా పోయాడనుకోకు."

ఏసోబు ఆ మూట ఒళ్ళో పెట్టుకుని పెద్దగా ఏడ్చాడు. సలోమి ఏడవలేదు. అన్న తల నిమురుతూ కూర్చుంది.

తర్వాత చాలాకాలం నేను తలుపు వెనకే ఉన్నాను. సలోమి నన్ను అటక ఎక్కించలేదు, దాచనూ లేదు. ఇల్లు ఊడ్చేటప్పుడు నన్ను జరిపి, ఊడ్చి, మళ్ళీ అక్కడే పెట్టేది.

ఒక పొద్దున చేపలమ్మే నాంచారమ్మ వచ్చింది. మార్కెట్టు దగ్గర ఆటో తగిలి ఆమె కాలు విరిగింది. కూతురి భుజం పట్టుకుని వాకిట్లో నిలబడి నన్ను ఇమ్మని అడిగింది. సలోమి నన్ను తడిగుడ్డతో తుడిచి తెచ్చి ఇచ్చింది.

"కేసు ఎయ్యమంటన్నారు అక్కా. ఎయ్యమంటావా?" అంది నాంచారమ్మ. "అందాకా బుట్ట ఎత్తకుండా ఇంట్లోనే పడుండాలంట. లేకపోతే నాకేం కాలేదనుకుంటారంట."

సలోమి దగ్గరికి వచ్చింది. నన్ను నాంచారమ్మ చంక కింద సరిగ్గా కుదిర్చింది. బరువు చంకమీద వేయొద్దని, చేతిమీద వేయమని చూపించింది.

"ఎయ్యి" అంది. "ఆసుపత్రి డబ్బులన్నా వత్తయి, అయి కావాలి గదా. కానీ కేసు తేలినాక చేద్దాంలే అని మాత్రం దేన్నీ ఆపుకోబాక. నిలబడలేకపోతే కూచుని అమ్ముకో. జడ్జి అడిగితే కూచునే అమ్ముతున్నానని చెప్పు. ఉన్నది ఉన్నట్టు చెప్పు. ఈలోగా బతకడం మాత్రం మానబాక."

నాంచారమ్మ తల ఊపింది. అర్థమైందో లేదో నాకు తెలియదు. మర్నాడు పీటమీద కూర్చుని బొమ్మిడాయిలు కోస్తూ, బేరానికి వచ్చినవాళ్ళతో తగువులాడుతూ ఉంటే, నేను ఆమె పక్కన చేపల నీళ్ళలో తడుస్తూ పడి ఉన్నాను. కంపు కొడుతున్నానని ఆమె కూతురు ముక్కు మూసుకుంది. కొట్టనీ. ఈమె లేచి నడిచి, ఒకరోజు నన్ను చూసి మొహం తిప్పుకుంటే చాలు.