రెండో చెయ్యి అయ్యేదాకా

మునిసిపాలిటీవారి తోపుడుబండి బజారు మలుపు తిరిగేసరికి ఆండాళ్ళు చెయ్యి హలీమా చేతిలో ఉంది. లేచి పారిపోదామంటే ఆ చేతిని ఏం చేసేటట్టు?

రోడ్డువార తట్టా బుట్టా పెట్టి అమ్మకూడదని ముందువారమే ఏలూరంతా టముకు వేశారు. హలీమాకు వినబడకపోలేదు. కానీ సంతరోజున పెదపాడు, దెందులూరు ఆడవాళ్ళంతా వచ్చేది ఈ దారినే. పోనీ సుందరమ్మగారి అరుగెక్కుదామంటే, అరుగు నిండా ఆవిడ వడియాలు పెట్టుకుంది. కాకులు కూడా వాటి జోలికి ఆలోచించుకుని గానీ రావు. అందుకని అరుగు ముందే రోడ్డుమీద చాప పరిచి, చంటిపిల్లను పక్కన పడుకోబెట్టి, గాజుల మలారం విప్పుకుంది. మెట్టుమీద కూర్చున్న సుందరమ్మగారి కోడలు ఆండాళ్ళుదే మొదటిబేరం.

మొన్న సైదా జామపళ్ళ తట్టను ఇలాగే బండిలో పడేశారు. పళ్ళు నలిగి అయినా తిరిగొచ్చాయి. గాజులకు నలగడం తెలియదు. పడేస్తే పెంకులే.

"లేవమ్మా, లే! విశ్వాసం, ఆ గాజులెత్తి బండిలో వెయ్యి," అన్నాడు ఇన్‌స్పెక్టరు నరసరాజు.

బంట్రోతు విశ్వాసం వంగాడో లేదో, లోపల్నించి సుందరమ్మ వచ్చిపడింది.

"ఏవండీ ఇన్‌స్పెక్టరుగారూ! నెలలు నిండిన పిల్లండీ. ఒక చేతికి వేయించుకుని, రెండోది బోసిగా పెట్టుకోమంటారా? మీ ఇంట్లో అలాగే చేస్తారేమిటండీ?"

నరసరాజు నాలిక్కరుచుకున్నాడు. "అయ్యో, అంత మాటెందుకండీ. ఆ చెయ్యి కూడా కానివ్వండి."

హలీమా వేళ్ళు దగ్గరగా నొక్కి ఒక్కొక్క గాజే ఎక్కించింది. ఎంత మెల్లగా ఎక్కించినా చెయ్యి నిండకుండా ఉంటుందా? ఆఖరి గాజు ఎక్కుతూండగానే దెందులూరు దానమ్మ చెయ్యి వచ్చి ఒళ్ళో పడింది. హలీమా గబుక్కున దానికో గాజు తొడిగేసింది.

"ఇదేమిటి?" అన్నాడు నరసరాజు.

"మొదలెట్టేసిందండీ," అంది దానమ్మ, తనకేమీ తెలియనట్టు.

దానమ్మ వెనక ఇంకో ఆవిడ, ఆవిడ వెనక ఆవిడ తోడికోడలు. ఒకరి రెండో చెయ్యి అయ్యేలోగా మరొకరి మొదటి చెయ్యి. నరసరాజు గొడుగు ఈ భుజంమీంచి ఆ భుజానికి మార్చాడు. చివరికి ఆయనకు వెలిగింది.

"ఈవిడతో సరి! ఇంకెవరు చెయ్యి చాపినా వాళ్ళ పేర్లు కూడా రాసుకుపోతాను!"

చాచిన చేతులన్నీ పైటల్లోకి పోయాయి. తోడికోడలి రెండో చేతికి ఇంక పట్టేది మహా అయితే రెండు గాజులు. చాపమీద చంటిపిల్ల ఏడుపు అందుకుంది. మోకాలితో జోకొడుతూ, బిస్మిల్లా అనుకుంటూ, హలీమా ఒకటి ఎక్కించింది.

సుందరమ్మ అరుగుకేసి చూసింది. ఎండలో నిలబెట్టిన ఖాళీ బండికేసి చూసింది.

"విశ్వాసం, ఆ కొస పట్టుకో నాయనా."

ఆ గొంతుకు ఎవరైనా పట్టుకుంటారు. విశ్వాసమూ పట్టుకున్నాడు. వడియాల బట్ట అరుగుమీంచి లేచి బండిమీద పరుచుకుంది.

"ఇంకా తడారలేదండీ. బండి కదపకండేం. ఒసే హలీమా, చూస్తావేం, అరుగెక్కు!"

ఒకరు చాప లాగారు, ఒకరు పిల్లనెత్తుకున్నారు. మలారాన్ని మాత్రం హలీమా ఎవరికీ ఇవ్వలేదు. రెప్పపాటులో రోడ్డు ఖాళీ.

"అరుగు మాదేనండీ," అంది సుందరమ్మ, ఆయన నోరు తెరవకముందే.

"రోడ్డుమీద కనబడితే మాత్రం ఊరుకోను," అని నరసరాజు వెనుదిరిగాడు. "పద విశ్వాసం."

విశ్వాసం కదల్లేదు. "వడియాలండీ," అన్నాడు, కాకిని తోలుతూ.

ఇన్‌స్పెక్టరు గొడుగు విప్పుకుని ఒక్కడే వెళ్ళాడు.

హలీమా మిగిలిన గాజు తీసింది. అది తోడికోడలి వేళ్ళ కొసలకైనా తగలకుండా ఒళ్ళోకి జారిపోయింది.

"ఏమే, ఆయన నెత్తిన నుంచున్నప్పుడు వణకని చెయ్యి, ఇప్పుడు వణుకుతోందేం?" అంది సుందరమ్మ.

"అప్పుడు తీరికేదండీ," అంది హలీమా.