మామ పేరు పెట్టిన పడవ

ఆ ఆఫీసరు గారి పేరు నేను చెప్పను. కోపమేమీ లేదు, మనిషి మంచివాడే. ఎందుకు చెప్పనో వింటూ పోతే మీకే తెలుస్తుంది.

ఆయన డార్విన్ పట్నం నుంచి చిన్న విమానంలో మా తీరానికి వచ్చి దిగాడు. ఆదివాసులు కూడా చేపలు, పీతలు పట్టే వృత్తిలోకి అడుగుపెట్టేలా ప్రభుత్వం ప్రోత్సహించబోతోందని చల్లని కబురు చెప్పాడు. మా ముత్తాతల ముత్తాతలు ఈ మడ అడవిలో బురద కలుగుల్లో చేతులు పెట్టి ఏం వెతుక్కున్నారనుకున్నాడో మరి. మేం అడగలేదు. ఆయన తెచ్చిన శాండ్‌విచ్‌లు బాగున్నాయి.

తర్వాత మీటింగులు. మీటింగుల గురించి మీటింగులు. పీతని ఎలా పట్టుకోవాలో తెరమీద బొమ్మలు చూపించారు. మొసళ్ళున్న చోట నీళ్ళలో దిగకూడదని కూడా చెప్పారు. అంత పెద్ద రహస్యం ఇన్ని తరాలుగా మాకు తెలియకపోయినా ఎలాగో బతికి బట్టకట్టాం.

కానీ అబద్ధమెందుకు, పడవ మాత్రం నిజంగానే వచ్చింది. కొత్త ఇంజను, ఐసు పెట్టె, రేడియో. నడిపేది నేను, నోరీన్‌ని. పీతలు పట్టే బుట్టలు వేసేది నా ఇద్దరు చెల్లెళ్ళు. ముగ్గురం అప్పటిదాకా దుకాణంలో నేల తుడుస్తూ, మా వాకిట్లో దొరికే చేపనే డబ్బాలో కొనుక్కు తింటున్నవాళ్ళం. ఆ పడవ దొరికితే ఇంకెవరి ముందూ చెయ్యి చాచక్కర్లేదు. సరుకుల ఓడ మీంచి దాన్ని దించుతుంటే నాకు కాళ్ళు నేలమీద ఆగలేదు.

ఆఫీసరు గారు కప్పిన గుడ్డ లాగాడు. పడవ పక్కన ఇంతింత అక్షరాలతో ‘బర్నబాస్’ అని రాసి ఉంది.

బర్నబాస్ మా మేనమామ. ఈ తీరం ఆయన తాతతండ్రులది. నన్ను భుజాన వేసుకుని మడ అడవంతా తిప్పినవాడు. రెండు కిడ్నీలూ పాడైపోతే, డార్విన్ ఆస్పత్రిలో మిషను పక్కన బతకడం నా వల్ల కాదని చెప్పి, సొంత తీరంలో చావడానికి తిరిగొచ్చేశాడు.

“ఎలా ఉంది? ఊహించలేదు కదూ?” అన్నాడు ఆఫీసరు గారు, మొహం వెలిగిపోతుంటే.

లేదు నాయనా, ఎవరం ఊహించలేదు. మాలో మనిషి పోతే పేరు కూడా ఆ మనిషితోనే పోతుంది. ఏళ్ళ తరబడి ఎవరూ పలకరు. ఆ పేరున్న వస్తువు జోలికి పోరు. అదే పేరు ఇంకొకడికి ఉంటే వాడు కూడా ఇంకో పేరు చూసుకోవాల్సిందే. అంటే మామ కన్ను మూసిన రోజే పడవ ఒడ్డెక్కి టార్పాలిన్ కిందికి పోతుంది. మూడు నెలలు నీళ్ళలోకి దిగని పడవని వెనక్కి తీసుకుంటామని పథకం రూలు.

నేను ఆఫీసరు గారిని పక్కకి పిలిచి, మామ పోతే పడవకేమవుతుందో విడమరిచి చెప్పాను. “పేరు మార్చెయ్యండి. పీత అని పెట్టండి, పడవ అని పెట్టండి, మీ ఇష్టం.”

“రిజిస్టరైపోయిందండీ. మంత్రిగారు స్వయంగా ఓకే చేశారు.”

“పోనీ నేనే రంగు పూసేస్తా.”

“పడవ ఇంకా డిపార్ట్‌మెంటుదే కదండీ. డ్యామేజీ కింద రాస్తారు.” ఆయన మొహం చిన్నబోయింది. “పెద్దాయన్ని గౌరవిద్దామనే కదా చేశాం.”

ఆ గౌరవం పుణ్యమా అని ఊరంతా మామ మంచం చుట్టూ చేరింది. అంతకుముందు తొంగి చూడని వాళ్ళు కూడా తాబేలు పులుసు పట్టుకొచ్చారు. మామ దగ్గితే నా చెల్లెళ్ళు బుట్టలు వదిలేసి పరుగెత్తుకొచ్చేవాళ్ళు. సిగ్గు లేకుండా చెబుతున్నా, నేనూ పొద్దున్నే లేచి ముందు మామ ఊపిరి చూసి, ఆ తర్వాతే ఇంజను చూసేదాన్ని.

హిల్డా అత్తకి ఒళ్ళు మండిపోయింది. “మీ మామ పోతే పడవ ఏమవుతుందని ఊరంతా అడుగుతున్నారే. నేనేమవుతానని అడిగిన మొహం ఒక్కటి లేదు!”

“ఊరుకోవే,” అన్నాడు మామ. “చావడానికి కూడా డిపార్ట్‌మెంటు పర్మిషన్ కావాల్సొచ్చింది. అంతటి మొగుడు నీకు తప్ప ఎవరికున్నాడు?”

అత్త నవ్వింది. నవ్వుతూనే ఏడ్చింది.

వానలు మొదలయ్యేసరికి మామ కాళ్ళు వాచిపోయాయి. ఇక ఎక్కువ రోజుల్లేవని నర్సు చెప్పింది. ఆ వారమే ఆఫీసరు గారు తనిఖీకి వచ్చాడు. మామ తనని మోసుకెళ్ళి ఒడ్డున చెట్టు నీడలో పడుకోబెట్టమన్నాడు. పెద్దవాళ్ళందరినీ పిలిపించాడు.

“వినండి. ఆ పేరు నేను పడవకిచ్చేశా. అది ఇప్పుడు దానిది, నాది కాదు. ఈ రోజు నుంచి ఆ పేరుతో పిలిస్తే నేను పలకను. నాతో పాటు పోయేది అది కాదు. తెలిసిందా?”

పెద్దవాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. చాలాసేపు గొణుక్కున్నారు. చివరికి అత్తే అంది, “ఆయన పేరు, ఆయనిష్టం. మరి నిన్నేమని పిలవాలయ్యా?”

మామ చుట్టూ చూశాడు. ఆయన కళ్ళు ఆఫీసరు గారి మీద ఆగాయి.

“నీ పేరేంటి బాబూ?”

ఆయన చెప్పాడు.

“బాగుంది. నాకిస్తావా?”

ఆఫీసరు గారు పొంగిపోయాడు. కళ్ళు తుడుచుకున్నాడు. మామ చెయ్యి పట్టుకుని ఫొటో దిగాడు. తన ఉద్యోగంలో ఇంతకన్నా గొప్ప రోజు లేదన్నాడు.

అత్త మామ చెవి దగ్గరికి వంగింది. “పాపం, అసలు సంగతి చెప్పొద్దూ?”

“పడవకి పేరు పెట్టేముందు వాళ్ళు మనకి చెప్పారా?”

మామ ఆ కొత్త పేరుతో తొమ్మిది రోజులు బతికాడు. నేను మడ అడవి నుంచి పీతలతో వచ్చేసరికి అత్త ఒడ్డున నిలబడి ఉంది. తాడు విసిరేసి ఆమె మీద పడి ఏడ్చాను.

ఆ తర్వాతి మీటింగులో ఆఫీసరు గారు ఎప్పటిలాగే చెయ్యెత్తి, “నమస్తే, నా పేరు...” అనబోయాడు. ఊరంతా ఒక్కసారిగా “ష్!” అంది. అత్త లేచి వెళ్ళి ఆయన చొక్కాకున్న పేరు బిళ్ళ మీద ఆస్పత్రి టేపు అంటించింది. విషయం చెప్పాక ఆయన ఆ బిళ్ళ తీసి జేబులో వేసుకున్నాడు. ఇప్పుడు ఇక్కడ ఆయన్ని అందరూ పేరులేనాయన అంటారు. పిలిస్తే పలుకుతాడు. మొన్న కొత్త పడవ గురించి మాట్లాడేటప్పుడు, పేరు ఏం పెట్టమంటారని ముందుగా మమ్మల్నే అడిగాడు. ఏదో, కొంత నేర్చుకున్నాడు.

మా వాళ్ళెవరికీ పోయినవాళ్ళ పేరు నోటారా పిలుచుకునే భాగ్యం లేదు. మా అమ్మ పేరు నేను పలికి ఎన్నేళ్ళయిందో. కానీ రోజూ పొద్దున నీళ్ళలోకి దిగేముందు రేడియోలో పడవ పేరు మూడుసార్లు చెప్పాలని, అవతలివాళ్ళు అదే పేరుతో బదులివ్వాలని డిపార్ట్‌మెంటు రూలు. చచ్చినట్టు పాటిస్తున్నా. ఆ వేళకి హిల్డా అత్త కూడా వచ్చి ఒడ్డున కూర్చుంటుంది.

“బర్నబాస్, బర్నబాస్, బర్నబాస్. పీతలకి పోతున్నాం.”

“విన్నాం బర్నబాస్. జాగ్రత్తగా వెళ్ళిరా.”